పెద్దలలో మలబద్ధకానికి కారణాలు

మలబద్ధకం అనగా మలవిసర్జన అరుదుగా జరగడం, లేదా మలం గట్టిపడి విసర్జన కష్టం కావడం. ఇది ఒక వ్యాధి కాదు, ఒక లక్షణం. జ్వరానికి అనేక కారణాలు ఉన్నట్లే మలబద్ధకానికి కూడా అనేక కారణాలు ఉంటాయి. పెద్దలలో ఎక్కువ మందికి ఇది ఆహారం, నీరు, దినచర్యలలోని లోపాల వలన వస్తుంది. కొందరికి వాడుతున్న మందుల వలన, కొద్దిమందికి లోపల దాగి ఉన్న వేరొక వ్యాధి వలన వస్తుంది. కారణం తెలుసుకోకుండా విరేచనాల మందు వాడితే ఆ పూటకు ఉపశమనం కలుగుతుంది కానీ సమస్య మిగిలిపోతుంది. ఒక్కొక్కసారి ప్రమాదకరమైన వ్యాధిని గుర్తించడం ఆలస్యమవుతుంది.

ఈ వ్యాసంలో పెద్దలలో మలబద్ధకానికి గల సాధారణ కారణాలు వివరించబడ్డాయి. ఉదాహరణలు ముఖ్యంగా వై.ఎస్.ఆర్. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల ఆహారపు అలవాట్లు, వాతావరణం, వృత్తుల నుండి తీసుకోబడ్డాయి.

నిర్వచనం

ప్రతి రోజూ ఉదయం ఒకసారి విరేచనం కాకపోతే మలబద్ధకం ఉన్నట్లేనని చాలామంది భావిస్తారు. ఇది సరికాదు. రోజుకు మూడు సార్ల నుండి వారానికి మూడు సార్ల వరకు మలవిసర్జన జరగడం సాధారణమే. రెండు రోజులకు ఒకసారి వెళ్ళినా, మలం మెత్తగా ఉండి కష్టం లేకుండా విసర్జన జరిగితే దానిని మలబద్ధకం అనరు. ప్రతి రోజూ వెళ్ళినా, గట్టిగా ముక్కవలసి వస్తే అది మలబద్ధకమే.

జీర్ణకోశ వైద్య నిపుణులు 2016లో ప్రకటించిన 'రోమ్-4' ప్రమాణాలలో ఈ క్రింది ఆరు లక్షణాలు ఉన్నాయి.

• ఎక్కువగా ముక్కవలసి రావడం
• మలం గట్టిగా, ఉండలుగా రావడం
• విసర్జన తరువాత ఇంకా మిగిలి ఉన్నట్లు అనిపించడం
• మలద్వారం వద్ద అడ్డుపడినట్లు అనిపించడం
• వేలితో తీయడం వంటి సహాయం అవసరం కావడం
• వారానికి మూడు సార్ల కంటె తక్కువగా విసర్జన జరగడం

మొదటి ఐదు లక్షణాలు నాలుగు విసర్జనలలో ఒకదాని కంటె ఎక్కువ సార్లు కనిపిస్తేనే లెక్కలోనికి వస్తాయి. ఈ ఆరింటిలో కనీసం రెండు గడచిన మూడు నెలలుగా ఉండి, సమస్య మొదలై ఆరు నెలలు దాటినట్లయితే దానిని దీర్ఘకాలిక మలబద్ధకంగా పరిగణిస్తారు.

మలం స్వరూపాన్ని వర్ణించడానికి 'బ్రిస్టల్ పట్టిక' ఉపయోగపడుతుంది. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరానికి చెందిన వైద్యులు రూపొందించిన ఈ పట్టికలో మలాన్ని ఏడు రకాలుగా విభజించారు. మేక పెంటికల వలె విడివిడిగా, గట్టిగా ఉండేది మొదటి రకం. ఉండలు కలిసి ముద్దగా ఉండేది రెండవ రకం. ఈ రెండూ మలబద్ధకాన్ని సూచిస్తాయి. మూడు, నాలుగు రకాలు సాధారణమైనవి. వైద్యునితో మాట్లాడడానికి బిడియపడేవారు ఈ పట్టికలోని అంకె చెప్పినా చాలును.

మలం తయారయ్యే విధానం

కారణాలను అర్థం చేసుకోవడానికి పెద్దప్రేగు పనితీరు కొంత తెలిసి ఉండాలి. తాగిన నీరు, ఆహారంలోని నీరు, లాలాజలం, జీర్ణరసాలు అన్నీ కలిసి రోజుకు సుమారు 9 లీటర్ల ద్రవం చిన్నప్రేగులోనికి చేరుతుంది. అందులో అధిక భాగాన్ని చిన్నప్రేగే పీల్చుకుంటుంది. సుమారు ఒకటిన్నర లీటర్లు పెద్దప్రేగులోనికి వస్తాయి. పెద్దప్రేగు మరికొంత నీటిని పీల్చుకోగా, చివరికి మలంతో పాటు బయటకు పోయే నీరు 100 నుండి 200 మిల్లీలీటర్లు మాత్రమే.

మలం పెద్దప్రేగులో ఎంత ఎక్కువ సేపు నిలిచి ఉంటే అంత ఎక్కువ నీటిని కోల్పోయి గట్టిపడుతుంది. మలబద్ధకానికి గల కారణాలు ఎన్ని ఉన్నా, అవి చాలావరకు మూడు మార్గాలలో పనిచేస్తాయి. మలం పరిమాణం తగ్గడం మొదటిది. ప్రేగు కదలిక మందగించడం రెండవది. పురీషనాళం వరకు వచ్చిన మలం బయటకు పోలేకపోవడం మూడవది. ఒకే మనిషిలో ఈ మూడూ కలిసి ఉండవచ్చు.

భోజనం చేసిన కొద్దిసేపటికి పెద్దప్రేగు బలంగా కదులుతుంది. నిద్ర లేచిన తరువాత, ఉదయపు ఫలహారం తరువాత ఈ కదలిక ఎక్కువగా ఉంటుంది. పురీషనాళం నిండినపుడు నాడుల ద్వారా మెదడుకు సంకేతం అందుతుంది. ఆ సమయంలో వెళ్ళకుండా ఆపుకుంటే సంకేతం కొంతసేపటికి ఆగిపోతుంది.

ఆహారంలో పీచు తగ్గడం

జీర్ణం కాకుండా పెద్దప్రేగుకు చేరే ధాన్యపు పొట్టు, ఆకుకూరలు, పండ్ల గుజ్జు మొదలైన వాటిలోని భాగాన్ని పీచు పదార్థం అంటారు. ఇది నీటిని పట్టి ఉంచి మలానికి పరిమాణాన్ని, మెత్తదనాన్ని ఇస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు, 400 గ్రాముల కూరగాయలు, పండ్లు అవసరం.

రాయలసీమలో పూర్వం జొన్న, సజ్జ, రాగి, కొర్ర, ఆరికె వంటి మెట్ట ధాన్యాలు నిత్యాహారంగా ఉండేవి. వరి అన్నం పండుగలకు, బంధువులు వచ్చినపుడు వండుకొనేవారు. సాగు విధానాలు మారి మెట్ట ధాన్యాల స్థానంలో వేరుశనగ వంటి వాణిజ్య పంటలు విస్తరించాయి. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం ప్రవేశపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం పేదల ఆకలిని తీర్చింది. అదే సమయంలో బాగా పాలిష్ పట్టిన బియ్యం అన్ని ఇండ్లలోనూ నిత్యాహారంగా స్థిరపడడానికి అది కూడా ఒక కారణమయింది. సంగటి ఇప్పటికీ ఈ ప్రాంతపు ఇష్టమైన వంటకమే అయినప్పటికీ, చాలా ఇండ్లలో అందులో బియ్యం పాలు పెరిగి రాగిపిండి పాలు తగ్గింది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల వండని పదార్థంలో ఉండే పీచు సుమారుగా ఈ విధంగా ఉంటుంది.

• పాలిష్ పట్టిన బియ్యం - 3 గ్రాములు
• జొన్నలు - 10 గ్రాములు
• రాగులు - 11 గ్రాములు
• సజ్జలు - 11 గ్రాములు
• కందిపప్పు - 9 గ్రాములు
• వేరుశనగ పప్పు - 10 గ్రాములు
• శనగపప్పు - 15 గ్రాములు

రోజుకు 400 గ్రాముల బియ్యం వండుకొని తిన్నా దాని నుండి లభించే పీచు 12 గ్రాములకు మించదు. అదే తూకంలో సగం బియ్యానికి బదులు రాగిపిండి వాడితే పీచు 28 గ్రాములు అవుతుంది. కనుక సంగటి తింటున్నామని అనుకొన్నంత మాత్రాన చాలదు, అందులో రాగి ఎంత ఉన్నదో చూచుకోవాలి.

ఫలహారాల విషయంలోనూ ఇదే గమనించవచ్చు. బొరుగులతో చేసే ఉగ్గాణి ఈ ప్రాంతమంతటా ప్రసిద్ధమైన ఉదయపు ఫలహారం. బొరుగులు బియ్యం నుండి తయారయ్యేవే కనుక వాటిలో పీచు తక్కువ. దానితో పాటు తినే మిరపకాయ బజ్జీ వలన నూనె, కారం పెరుగుతాయి. ఉదయం ఉగ్గాణి, మధ్యాహ్నం అన్నం, రాత్రి దోసె లేదా మళ్ళీ అన్నం తినేవారికి ఆ రోజు ఆహారమంతా బియ్యమే అవుతుంది. పప్పులో ఆకుకూర, ప్రక్కన ఒక కూర, చివరన ఒక పండు ఉంటే ఈ లోటు చాలావరకు తీరుతుంది. మాంసం, గుడ్లు, పాలలో పీచు ఉండదు. అవి మలబద్ధకాన్ని కలిగిస్తాయనడం కంటె, వాటిని ఎక్కువగా తిన్న రోజు కూరగాయలు తగ్గడమే కారణమనడం సమంజసం.

పులివెందుల ప్రాంతం అరటి, చీనీ తోటలకు పేరు పొందినది. చీనీ తొనలను గుజ్జుతో సహా తింటే పీచు లభిస్తుంది. రసం మాత్రమే తీసి పిప్పి పారవేస్తే పీచులో అధిక భాగం పిప్పితోనే పోతుంది. అరటిపండు బాగా మాగినదైతే మేలు. పచ్చిగా ఉన్న అరటిలో జీర్ణం కాని పిండి పదార్థం, వగరు ఎక్కువగా ఉండడం వలన కొందరికి అది మలాన్ని గట్టిపరచవచ్చు. జమ్మలమడుగు చుట్టుప్రక్కల నల్లరేగడి భూములలో విరివిగా పండే శనగలు పీచుకు మంచి ఆధారం.

ఆహారం పరిమాణమే తగ్గినపుడు కూడా మలం తగ్గుతుంది. పండ్లు ఊడిపోయిన వృద్ధులు నమలలేక మజ్జిగన్నం, పాలు, రొట్టె వంటి మెత్తని ఆహారానికి పరిమితమవుతారు. ఇంటిలో ఒంటరిగా ఉండేవారు ఒక పూట వండి రెండు పూటలు సరిపెట్టుకుంటారు. వీరిలో మలబద్ధకానికి మూలం నోటిలోనో, ఒంటరితనంలోనో ఉంటుంది.

నీరు తగ్గడం, వేసవి ప్రభావం

కడప జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 700 మిల్లీమీటర్లు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పెన్నా నది ఒడ్డున ఉన్నప్పటికీ సంవత్సరంలో చాలాకాలం ఏటిలో ఇసుకే కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం సర్వసాధారణం. ఎండలో పనిచేసేవారి శరీరం నుండి చెమట రూపంలో గంటకు ఒక లీటరు వరకు నీరు పోగలదు. ఆ లోటును పూరించడానికి పెద్దప్రేగు మలంలోని నీటిని మరింతగా పీల్చుకుంటుంది. వేసవిలో మలం గట్టిపడితే 'వేడి చేసింది' అని జనులు అనడం వెనుక ఉన్న శాస్త్రీయ కారణం ముఖ్యంగా ఈ నీటి లోటే.

తోటలలో పనిచేసే కూలీలు, నాపరాయి గనులలోను, పాలిష్ మిషన్ల వద్దను పనిచేసేవారు, వాహన చోదకులు, వంటవారు ఈ విధంగా నీటిని ఎక్కువగా కోల్పోతారు. కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళిన కడప జిల్లా వాసులకూ ఇదే వర్తిస్తుంది. రంజాన్ మాసంలో పగలంతా ఉపవాసం ఉండేవారు, దసరా వంటి పర్వదినాలలో ఉపవాస వ్రతాలు చేసేవారు కూడా ఆ రోజులలో ఈ సమస్యను ఎదుర్కొనవచ్చు. ఉపవాసం విడిచిన తరువాత రాత్రి సమయంలో నీరు, పండ్లు తగినంతగా తీసుకొంటే సమస్య తగ్గుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. శరీరంలో నీరు తక్కువగా ఉన్నవారికి నీరు ఎక్కువగా తాగడం వలన మేలు కలుగుతుంది. ఇప్పటికే తగినంత తాగుతున్నవారు ఇంకా అధికంగా తాగినంత మాత్రాన మలబద్ధకం తగ్గదు. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సాధారణంగా నీరు సరిపోతున్నట్లే. మూత్రపిండాల వ్యాధి, గుండె వైఫల్యం ఉన్నవారు వైద్యుడు చెప్పిన పరిమాణానికి మించి నీరు తాగరాదు.

మలవిసర్జనను ఆపుకోవడం

ఆహారం, నీరు రెండూ సరిగా ఉన్నవారిలో కూడా మలబద్ధకం కనిపించడానికి తరచుగా ఇదే కారణం. పురీషనాళం నుండి వచ్చే సంకేతాన్ని పదేపదే పట్టించుకోకపోతే క్రమంగా దాని తీవ్రత తగ్గుతుంది. మలం అక్కడే నిలిచి గట్టిపడుతుంది. గట్టి మలం వెళ్ళేటపుడు నొప్పి కలుగుతుంది. ఆ నొప్పికి భయపడి మరల ఆపుకుంటారు.

ఈ అలవాటు స్త్రీలలో అధికంగా కనిపించడానికి సామాజిక కారణాలు ఉన్నాయి. ఇంటిలో మరుగుదొడ్డి లేని కాలంలో పల్లెలలోని స్త్రీలు తెల్లవారకముందు గానీ, చీకటి పడిన తరువాత గానీ మాత్రమే బయలుకు వెళ్ళేవారు. పగలంతా ఆపుకోవడం, ఆపుకొనే అవసరం రాకుండా నీరు తక్కువ తాగడం, తక్కువ తినడం వారికి అలవాటయింది. 2014 అక్టోబరు 2న ప్రారంభమైన స్వచ్ఛ భారత్ మిషన్ క్రింద గ్రామాలలో పెద్ద సంఖ్యలో మరుగుదొడ్లు నిర్మించబడ్డాయి. అయినప్పటికీ ఇంటి బయట గడిపే సమయంలో ఇబ్బంది పూర్తిగా తొలగలేదు. తెల్లవారుజామునే ఆటోలలో తోటపనికి వెళ్ళే కూలీలకు పొలం వద్ద మరుగుదొడ్డి ఉండదు. దుకాణాలలో పనిచేసే స్త్రీలు, విద్యార్థినులు, బస్సులలో దూరప్రయాణం చేసేవారు శుభ్రమైన మరుగుదొడ్డి దొరకక ఇంటికి చేరేవరకు ఆగుతారు. ఇటువంటి చోట మలబద్ధకానికి కారణం ప్రేగులో లేదు, సౌకర్యం లేకపోవడంలో ఉన్నది.

పురుషులలోనూ సమయం లేకపోవడం వలన ఈ అలవాటు ఏర్పడుతుంది. రాత్రి పాళీలలో పనిచేసేవారికి నిద్ర, భోజన వేళలు మారడం వలన ప్రేగు సహజ కదలిక వేళ కూడా తప్పుతుంది. బీడీ కాల్చనిదే విరేచనం కాదని కొందరు నమ్ముతారు. పొగాకులోని నికోటిన్ కొందరిలో ప్రేగు కదలికను కొంత పెంచవచ్చు. అయితే దానివలన కలిగే హాని ముందు ఈ ప్రయోజనం లెక్కలోనిది కాదు. పొగ మానివేసిన తరువాత కొద్ది వారాలు మలబద్ధకం ఉండవచ్చు, అది క్రమేణా సర్దుకుంటుంది.

కూర్చునే భంగిమకు కూడా ప్రాధాన్యం ఉన్నది. గొంతుకూర్చున్నపుడు పురీషనాళం చుట్టూ ఉన్న కండరం వదులై మార్గం తిన్నగా అవుతుంది. మోకాళ్ళ నొప్పుల వలన కుర్చీ వంటి కమోడ్‌కు మారిన వృద్ధులలో కొందరికి ముక్కవలసిన అవసరం పెరుగుతుంది. పాదాల క్రింద చిన్న పీట వేసుకొని కొద్దిగా ముందుకు వంగి కూర్చుంటే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

శారీరక శ్రమ, వృత్తి, వయస్సు

నడక, శారీరక శ్రమ ప్రేగు కదలికకు తోడ్పడతాయి. ప్రొద్దుటూరు బంగారం, వస్త్ర వ్యాపారాలకు ప్రసిద్ధి చెందిన పట్టణం. దుకాణంలో ఉదయం నుండి రాత్రి వరకు కూర్చుండే వ్యాపారులు, గుమాస్తాలు, తల వంచి పనిచేసే స్వర్ణకారులు రోజు మొత్తంలో నడిచేది చాలా తక్కువ. గుంట మగ్గం మీద నేసే చేనేత కార్మికుల కాళ్ళు, చేతులు ఆడుతూనే ఉంటాయి కానీ వారు గంటల తరబడి ఒకేచోట కూర్చుంటారు. నేత మధ్యలో లేవడం ఇష్టం లేక మలమూత్రాలను ఆపుకునేవారూ ఉన్నారు.

వయస్సు పెరిగే కొద్దీ మలబద్ధకం ఎక్కువవుతుంది. దీనికి వృద్ధాప్యం ఒక్కటే కారణం కాదు. వృద్ధాప్యంతో పాటు వచ్చే తక్కువ ఆహారం, తక్కువ దాహం, తక్కువ కదలిక, ఎక్కువ మందులు కలిసి పనిచేస్తాయి. తుంటి ఎముక విరిగి, లేదా పక్షవాతం వచ్చి మంచాన పడినవారిలో మలం పురీషనాళంలో రాయి వలె గట్టిపడి అడ్డుపడవచ్చు. అటువంటపుడు ఆ గట్టి మలం ప్రక్కల నుండి నీరు వంటి మలం కొద్దికొద్దిగా కారుతుంది. ఇంటివారు దీనిని నీళ్ళ విరేచనాలని పొరబడి, విరేచనాలు కట్టే మాత్రలు ఇస్తే పరిస్థితి విషమిస్తుంది.

మందుల వలన కలిగే మలబద్ధకం

కొత్త మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే మలబద్ధకం వస్తే ఆ మందును అనుమానించాలి. సాధారణంగా వాడే మందులలో ఈ ప్రభావం కలిగినవి ఇవి.

• ఇనుము మాత్రలు: రక్తహీనతకు ఇస్తారు. వీటివలన మలం నల్లబడుతుంది, గట్టిపడుతుంది. 2018లో ప్రారంభమైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం క్రింద గర్భిణులకు, బాలింతలకు, కిశోర బాలికలకు ఈ మాత్రలు ఉచితంగా ఇస్తారు.
• కాల్షియం మాత్రలు, అల్యూమినియం కలిగిన ఆమ్లనివారక మందులు.
• నొప్పి నివారణకు వాడే ట్రమడాల్, మార్ఫిన్. కొన్ని దగ్గు మందులలో ఉండే కోడీన్. ఇవి ప్రేగు కదలికను బాగా తగ్గిస్తాయి.
• కడుపునొప్పికి వాడే డైసైక్లోమిన్, నిద్ర తెప్పించే కొన్ని జలుబు మాత్రలు, అమిట్రిప్టిలిన్ వంటి మానసిక వైద్యపు మందులు, వణుకుడుకు వాడే ట్రైహెక్సీఫెనిడిల్.
• రక్తపోటుకు, గుండెకు వాడే వెరాపమిల్, డిల్టియాజెమ్.
• మూత్రం ఎక్కువగా పోవడానికి ఇచ్చే మాత్రలు. ఇవి శరీరంలోని నీటిని, పొటాషియాన్ని తగ్గించడం ద్వారా మలబద్ధకాన్ని కలిగించగలవు.

మలబద్ధకం వచ్చినదని ఈ మందులను సొంతంగా మానివేయరాదు. రక్తహీనత ఉన్న గర్భిణి ఇనుము మాత్రలు మానివేస్తే తల్లికి, బిడ్డకు కలిగే నష్టం మలబద్ధకం కంటె చాలా పెద్దది. విషయం ఆరోగ్య కార్యకర్తకు గానీ, వైద్యునికి గానీ చెప్పితే మాత్ర రకం, మోతాదు, వేసుకొనే వేళ మార్చడం సాధ్యమవుతుంది. ఒకరికి రాసిన మందుల చీటీని మరొకరు వాడడం, దుకాణంలో అడిగి నొప్పి మాత్రలు నెలల తరబడి మింగడం కూడా పరిశీలించవలసిన కారణాలే.

వ్యాధుల వలన కలిగే మలబద్ధకం

థైరాయిడ్ గ్రంథి మందగించినపుడు శరీరంలోని అన్ని క్రియలతో పాటు ప్రేగు కదలిక కూడా మందగిస్తుంది. మలబద్ధకంతో పాటు బరువు పెరగడం, చలికి తట్టుకోలేకపోవడం, బద్ధకం, చర్మం పొడిబారడం ఉంటే ఒక రక్తపరీక్షతో దీనిని నిర్ధారించవచ్చు. చాలాకాలంగా అదుపులో లేని మధుమేహం ప్రేగులను నడిపే నాడులను దెబ్బతీస్తుంది. రక్తంలో కాల్షియం పెరిగినా, పొటాషియం తగ్గినా మలబద్ధకం కలుగుతుంది.

పార్కిన్సన్ వ్యాధిలో చేతుల వణుకు కనిపించడానికి కొన్ని సంవత్సరాల ముందే మలబద్ధకం మొదలుకావచ్చు. పక్షవాతం, వెన్నుపాముకు దెబ్బ తగలడం కూడా కారణాలే. మానసిక కుంగుబాటులో ఆకలి, కదలిక, నిద్ర తగ్గడంతో పాటు మలబద్ధకం ఏర్పడుతుంది. కొందరిలో విసర్జన సమయంలో వదులు కావలసిన కటి కండరాలు బిగుసుకుంటాయి. వీరికి పీచు, నీరు ఎంత పెంచినా ప్రయోజనం ఉండదు, కండరాలను వదులు చేసే శిక్షణ అవసరమవుతుంది.

గర్భిణులలో హార్మోనుల ప్రభావం వలన ప్రేగు కదలిక తగ్గుతుంది. పెరిగే గర్భాశయం ఒత్తిడి, ఇనుము మాత్రలు, వాంతుల వలన తగ్గిన ఆహారం దీనికి తోడవుతాయి.

అన్నిటికంటె ముఖ్యంగా గుర్తించవలసినది పెద్దప్రేగు, పురీషనాళాల క్యాన్సరు. మలబద్ధకం ఉన్నవారిలో అత్యధికులకు ఇది ఉండదు. కానీ ఇంతకాలం సక్రమంగా ఉన్న వ్యక్తికి, ముఖ్యంగా వయస్సు నలభై ఐదు, యాభై దాటిన తరువాత, మలవిసర్జన అలవాటు మారి అలాగే కొనసాగితే పరీక్ష అవసరం.

మొలలు, ఆసన చీలిక

మొలలు, ఆసన చీలిక చాలావరకు మలబద్ధకానికి ఫలితాలు. ముక్కడం వలన మలద్వారం వద్ద రక్తనాళాలు ఉబ్బి మొలలు ఏర్పడతాయి. గట్టి మలం చర్మాన్ని చీల్చడం వలన చీలిక ఏర్పడుతుంది. అయితే చీలిక వలన కలిగే తీవ్రమైన నొప్పికి భయపడి విసర్జనను ఆపుకోవడంతో ఫలితమే తిరిగి కారణంగా మారుతుంది.

మలంలో రక్తం కనిపించగానే మొలలేనని నిర్ణయించుకొని, పరీక్ష లేకుండా పసరు మందులు, లేపనాలు వాడేవారు ఉన్నారు. శాస్త్రీయ అర్హత లేనివారి వద్ద సూదులు వేయించుకొనేవారు కూడా ఉన్నారు. మొలల రక్తానికి, క్యాన్సరు రక్తానికి తేడా కంటితో చూచి చెప్పలేము. వేలితో చేసే పరీక్షకు కొద్ది నిమిషాలే పడుతుంది. సిగ్గు వలన ఆ కొద్ది నిమిషాలను వాయిదా వేయడంతో నయం కాగల వ్యాధి ముదిరిపోయే ప్రమాదం ఉన్నది.

విరేచనాల మందుల అలవాటు

ఆముదం, సునాముఖి ఆకు, కరక్కాయ పొడి, త్రిఫల చూర్ణం తెలుగు ఇండ్లలో తరతరాలుగా వాడుకలో ఉన్నాయి. నెలకొకసారి ఆముదం తాగి కడుపు 'శుభ్రం' చేసుకోవాలనే నమ్మకం పెద్దలలో ఉండేది. ఆరోగ్యంగా ఉన్న ప్రేగుకు ఇటువంటి శుద్ధి అవసరం లేదు.

బలమైన విరేచనకారి పెద్దప్రేగును ఒకేసారి ఖాళీ చేస్తుంది. అది తిరిగి నిండడానికి రెండు, మూడు రోజులు పడుతుంది. ఆ రోజులలో విరేచనం కాకపోవడం సహజం. దానిని మలబద్ధకంగా భావించి మళ్ళీ మందు తీసుకోవడంతో, మందు లేనిదే విరేచనం కాదనే అభిప్రాయం బలపడుతుంది. తరచుగా విరేచనాలు కావడం వలన పొటాషియం తగ్గి మలబద్ధకం నిజంగానే పెరిగే అవకాశం కూడా ఉన్నది. గర్భిణులు ఆముదం, సునాముఖి వంటివి వైద్య సలహా లేకుండా వాడరాదు.

ఇసబ్‌గోల్ పొట్టు విరేచనకారి కంటె పీచు పదార్థం వంటిది. దీనిని తగినంత నీటితో తీసుకోవాలి. నీరు చాలకపోతే అదే గట్టిపడి అడ్డుపడగలదు. పీచును కూడా ఒకేరోజు ఎక్కువగా పెంచకుండా రెండు, మూడు వారాలలో క్రమంగా పెంచాలి. లేనిచో కడుపు ఉబ్బరం కలుగుతుంది. ఈ మార్పులతో తగ్గనివారికి ప్రేగులో నీటిని నిలిపి ఉంచే లాక్టులోజ్, పాలీఇథిలీన్ గ్లైకాల్ వంటి మందులను వైద్యులు సూచిస్తారు.

కారణాన్ని గుర్తించే క్రమం

మలబద్ధకం ఉన్న వ్యక్తి ఈ క్రింది ప్రశ్నలకు సమాధానాలు వ్రాసుకొంటే కారణం చాలావరకు బయటపడుతుంది.

1. ఈ మార్పు ఎప్పుడు మొదలైనది? అంతకుముందు ఎలా ఉండేది?
2. ఆ సమయంలో కొత్త మందు గానీ, కొత్త ఉద్యోగం గానీ, ప్రయాణం గానీ, ఉపవాసం గానీ మొదలైనదా?
3. నిన్నటి ఆహారంలో బియ్యం కాక వేరే ధాన్యం, ఆకుకూర, పండు ఎంత?
4. మూత్రం రంగు ముదురుగా ఉంటున్నదా?
5. రోజులో ఎన్నిసార్లు ఆపుకోవలసి వస్తున్నది? ఎందువలన?
6. మలం గట్టిగా ఉన్నదా, లేక మెత్తగా ఉండి కూడా బయటకు రావడం లేదా?

వైద్యుని సంప్రదించవలసిన సందర్భాలు

ఈ క్రింది లక్షణాలలో ఏది ఉన్నా ఇంటి వైద్యంతో కాలయాపన చేయరాదు.

• మలంలో రక్తం, లేదా తారు వలె నల్లగా, జిగటగా, దుర్వాసనతో మలం రావడం. ఇనుము మాత్రల వలన మలం నల్లబడినా జిగటగా ఉండదు.
• కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత
• నలభై ఐదు, యాభై సంవత్సరాలు దాటిన తరువాత కొత్తగా మొదలైన మలబద్ధకం
• మలం సన్నని రిబ్బను వలె రావడం కొనసాగడం
• దగ్గరి రక్తసంబంధీకులలో పెద్దప్రేగు క్యాన్సరు ఉండడం
• కాళ్ళలో బలహీనత, మూత్రం నిలిచిపోవడం

కడుపు ఉబ్బి, తీవ్రమైన నొప్పితో, వాంతులతో మలం గానీ, అపానవాయువు గానీ పోకపోతే అది ప్రేగు అడ్డుపడడం కావచ్చు. ఇది అత్యవసర పరిస్థితి. ఆ సమయంలో ఆముదం గానీ, వేరే విరేచనకారి గానీ ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

ప్రొద్దుటూరులోని జిల్లా ఆసుపత్రి, జమ్మలమడుగు, పులివెందులలోని ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రాథమిక పరీక్ష చేయించుకోవచ్చు. అవసరమైనచో అక్కడి వైద్యులు 2006లో ఏర్పడిన కడప రిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రికి పంపుతారు. వైద్యుని వద్దకు వెళ్ళేటపుడు వాడుతున్న మందులన్నిటినీ, నాటు మందులతో సహా, వెంట తీసుకొని వెళ్ళడం మంచిది.